హాజరు కానివారి మాట

మన సంఘంలో అమెరికా అధ్యక్షుడి ఎన్నికల గురించి మాట్లాడలేనివారు లేరు. ఏ రాష్ట్రం ఎటు మొగ్గుతుందో, ఎవరికి ఎన్ని ఓట్లు వస్తాయో, ఉగాది భోజనాల వరుసలో ప్లేటు పట్టుకునే లెక్క కట్టేవారిని ఏటా చూస్తూనే ఉన్నాం. కాని మనం కాపురముంటున్న ఊరి సిటీ కౌన్సిలు సమావేశానికి ఒక్కసారైనా వెళ్ళినవారు చేతులెత్తండి అంటే, లేచే చేతులను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. చెత్త ఎత్తే కాంట్రాక్టు ఎవరికివ్వాలి, పార్కులో దీపాలు ఎన్నింటికి ఆర్పాలి, లైబ్రరీ ఆదివారం తెరవాలా వద్దా, ఏ స్థలంలో ఎన్ని అంతస్తులు లేపవచ్చు, ఇవేవీ వాషింగ్టన్ తేల్చేవి కావు. మన ఇంటికి రెండు మైళ్ళ దూరంలో, మంగళవారం రాత్రి ఏడు గంటలకు, ఐదుగురు మనుషులు కూర్చుని తేలుస్తారు. ఆ ఐదుగురిలో ఎక్కువమందికి పగలు వేరే ఉద్యోగాలున్నాయి.

పౌరుడు అనే మాటను మనం పాస్‌పోర్టుకు కట్టిపడేశాం గాని, అది పుట్టింది పురం అన్న మాటలోంచి. పురంలో ఉండేవాడు పౌరుడు. ఇంగ్లీషువారి సిటిజెన్ కూడా సిటీకి చుట్టమే. ఆ పాత అర్థంలో చూస్తే, గ్రీన్ కార్డు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్న మన కుర్రవాడు ఈ ఊళ్ళో ఇల్లు అద్దెకు తీసుకున్న రోజే పౌరుడయ్యాడు. ఓటు విషయంలో చట్టం దానికి ఒప్పుకోదు. అయితే మైకు ముందు నిలబడి మాట్లాడే విషయంలో మాత్రం మన కాలిఫోర్నియా చట్టం ఆ పాత అర్థానికే దగ్గరగా ఉంది. 1953 నాటి బ్రౌన్ చట్టం ప్రకారం నగరసభలు తలుపులు తెరిచి కూర్చోవాలి. మామూలు సమావేశానికి 72 గంటల ముందు అజెండా అందరికీ కనబడేచోట పెట్టాలి. వచ్చినవారికి మాట్లాడే అవకాశం ఇవ్వాలి. పేరు చెప్పలేదని లోపలికి రానివ్వకపోవడానికి వీల్లేదు. ఓటరువా, ఏ వీసా మీద వచ్చావు అని ఎవరూ అడగరు.

మేము నలుగురం కిందటి చలికాలంలో వరుసగా మూడు సమావేశాలకు వెళ్ళాం. మాకు అక్కడ పనేమీ లేదు, చూద్దామనే వెళ్ళాం. మొదటి రెండూ నిద్రను ఆపుకోవలసినవే. జెండా వందనం, హాజరు పిలుపు, రక్తదానం చేసినవారికి ప్రశంసాపత్రం, ఫోటోలు. ఆ తరువాత కన్సెంట్ క్యాలెండర్ అని ఒకటి వస్తుంది. వివాదం లేనివని సిబ్బంది భావించిన అంశాలన్నీ ఒక కట్టగా కట్టి ఒక్క ఓటుతో ఆమోదిస్తారు. మేము చూసిన రోజున పద్దెనిమిది అంశాలు అర నిమిషంలో దాటిపోయాయి. రోడ్ల మరమ్మతు, పోలీసు కార్లు, ఏదో భీమా, అన్నీ అందులోనే. తాలూకాఫీసులో సంతకాల కోసం తెచ్చిన ఫైళ్ళ కట్ట మాలో ఒకరికి గుర్తుకు వచ్చింది. అయితే తేడా ఒకటుంది. ఇక్కడ ఆ కట్టలోంచి ఏ కాగితమైనా బయటికి తీసి చర్చించండి అని కౌన్సిలు సభ్యులెవరైనా పట్టుబట్టవచ్చు. మామూలు మనిషి కూడా లేచి దాని మీద మాట్లాడవచ్చు. ఆ రోజు ఎవరూ లేవలేదు.

ప్రతిపాదించడం, బలపరచడం, సవరించడం, ఓటు వేయడం, ఇదంతా ఒక తంతులా సాగుతుంది. దాని మూలం హెన్రీ మార్టిన్ రాబర్ట్ అనే సైనిక ఇంజనీరు 1876లో అచ్చువేసిన నియమాల పుస్తకం. అంతకు చాలా ముందే, 1863లో, ఒక చర్చి సమావేశానికి అధ్యక్షత వహించి, జనాన్ని అదుపులో పెట్టలేక అవస్థపడి, ఆయన ఆ పనికి పూనుకున్నాడట. మన సర్వసభ్య సమావేశాలు చూసినవారికి అలాంటి పుస్తకం ఎందుకు పుట్టిందో వేరే చెప్పనక్కరలేదు. మాట్లాడేవారికి మూడు నిమిషాలు. ఆకుపచ్చ దీపం, పసుపు దీపం, ఎర్ర దీపం. మన వక్తలకు ఆ మూడు నిమిషాలూ వేదికనలంకరించిన పెద్దలను సంబోధించడానికే చాలవు.

మూడో సమావేశంలో అసలు విషయం వచ్చింది. ఊరి పెద్ద రోడ్డు మీద మూతపడిన ఫర్నిచరు దుకాణం ఒకటి ఉంది, దాని చుట్టూ ఖాళీ పార్కింగు స్థలం. అక్కడ ఐదంతస్తులు లేపి నూరు పైచిలుకు అపార్టుమెంట్లు కడతామనీ, కొన్నింటిని తక్కువ ఆదాయంవారికి తక్కువ అద్దెకు ఇస్తామనీ ఒక బిల్డరు దరఖాస్తు పెట్టాడు. అది వ్యాపారానికి కేటాయించిన స్థలం కనుక జోనింగు మార్చాలి. మార్చడమూ మానడమూ కౌన్సిలు చేతిలో ఉంది. హాలు నిండి, గోడల వెంబడి కూడా జనం నిలబడ్డారు. మాట్లాడేవారు యాభైమందికి పైగా ఉండటంతో మేయరు మూడు నిమిషాలను రెండుకు తగ్గించారు. అంశం మొదలయ్యేసరికే తొమ్మిదయింది.

వద్దన్నవారి మాటలను ఎగతాళి చేయడం తేలిక, కాని న్యాయం కాదు. నలభై ఏళ్ళుగా అదే వీధిలో ఉన్న ఒక పెద్దాయన, కాలం చేసిన తన భార్య పెరట్లో నాటిన నిమ్మచెట్టుకు ఇక మధ్యాహ్నపు ఎండ తగలదని చెప్పాడు. గొంతు వణికింది. అది అబద్ధమూ కాదు, చిన్న బాధా కాదు. మిగిలినవారు కార్ల రద్దీ అన్నారు, బడిలో పిల్లలు కిక్కిరిసిపోతారన్నారు, ఊరి రూపు మారిపోతుందన్నారు. మనవాళ్ళు ముగ్గురు మాట్లాడారు. ముగ్గురూ వద్దనే అన్నారు. ఈ బడుల కోసమే కదా ఉన్నదంతా ఊడ్చిపెట్టి ఇక్కడ ఇల్లు కొన్నాం, ఇప్పుడు ఆట నియమాలు మారిస్తే ఎలా, అని ఒకాయన అడిగిన ప్రశ్నకు హాలంతా చప్పట్లు కొట్టింది.

కావాలన్నవారు ఏడెనిమిది మందికి మించరు. వారిలో ఒక బడిపంతులమ్మ ఉంది. ఈ ఊరి పిల్లలకే ఆమె పాఠాలు చెబుతుంది. ఉండేది మాత్రం కొండలకు ఆవల ట్రేసీలో. తెల్లవారుజామున ఐదింటికి ముందే బయలుదేరి ఆల్టమాంట్ కనుమ దాటి రావాలి. ఆ మాటలు రెండు నిమిషాల్లో చెప్పి, మళ్ళీ అంత దూరం వెళ్ళాలి కనుక సెలవు తీసుకుంటానంది.

పదిన్నర దాటాక క్లర్కు ఒక పేరు పిలిచింది. ఎవరూ లేవలేదు. రెండోసారి పిలిచింది. మా వెనుక వరుసలో నిద్రపోతున్న పిల్లను భుజాన వేసుకుని కూర్చున్న ఒకావిడ తొమ్మిదిన్నరకే లేచి వెళ్ళిపోవడం మేము చూశాం. పిలిచిన పేరు ఆమెదే కావచ్చు, మరెవరిదైనా కావచ్చు. "తరువాతివారు" అన్నారు మేయరు.

మాకు అక్కడినుంచి ఇంటికి తెచ్చుకునే ప్రశ్న దొరికింది. వచ్చినవారి మాటే ఊరి మాటా? రానివారి మాటను లెక్కలోకి తీసుకోవలసిన బాధ్యత ఎవరికైనా ఉందా, ఉంటే ఎవరికి?

నోరున్నవాడిదే రాజ్యం అని మన సామెత. ఇక్కడ నోరుంటే చాలదు, మంగళవారం రాత్రి ఖాళీ కూడా ఉండాలి. బోస్టన్ విశ్వవిద్యాలయంలో కేథరిన్ ఐన్‌స్టీన్, డేవిడ్ గ్లిక్, మాక్స్‌వెల్ పామర్ అనే ముగ్గురు పండితులు ఆ ప్రాంతపు ఊళ్ళలో ఇటువంటి సమావేశాల మినిట్సు ఏళ్ళకేళ్ళవి చదివి, మాట్లాడినవారెవరో ఓటర్ల జాబితాలతో పోల్చి చూసి, 2019లో పుస్తకం వేశారు. ఊరి జనంతో పోలిస్తే మాట్లాడేవారిలో వయసు పైబడినవారు, సొంత ఇల్లున్నవారు, చిరకాలంగా ఆ ఊళ్ళో ఉన్నవారు ఎక్కువ. కొత్త ఇళ్ళ కట్టడాన్ని సమర్థించినవారు నూటికి సుమారు పదిహేనుమంది. మేము చూసిన హాలు ఆ లెక్కకు దగ్గరగానే ఉంది.

దీనికి మాలో ఒకరు గట్టి జవాబే చెప్పారు. ముప్పై ఏళ్ళ అప్పు తలమీద పెట్టుకుని కొన్న ఇల్లు నాది, పక్కన ఏం లేస్తుందో అడిగే హక్కు నాకు లేకపోతే మరెవరికుంది అన్నారు. సొంత లాభం కోసం మాట్లాడటం తప్పని మేమూ అనుకోవడం లేదు. సొంత లాభనష్టాలు లేకపోతే రాత్రి పదకొండుదాకా ఆ చెక్క కుర్చీల్లో ఎవడు కూర్చుంటాడు? నిమ్మచెట్టు గురించి చెప్పిన పెద్దాయన, ఇది నా చెట్టు, నా బాధ అన్నాడు. అందులో దాపరికం లేదు. చిక్కు వచ్చేది నా చెట్టు అనవలసినచోట ఊరి మేలు అన్నప్పుడు. ఊరు అనే మాటలో ట్రేసీనుంచి వచ్చే పంతులమ్మ ఉందా లేదా అన్నది అప్పుడు ఎవరూ అడగరు.

ఊరి మేలు పేరుతో నగరసభలు ఏమేం చేశాయో మనకు తెలిసి ఉండటం మంచిది, ఎందుకంటే ఆ కథలో మన పేరూ ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో నగరసభ 1880లో చెక్క ఇళ్ళలో లాండ్రీ నడపాలంటే సభ అనుమతి తీసుకోవాలని శాసనం చేసింది. వంకపెట్టడానికి వీల్లేని శాసనమే, నిప్పు భయం నిజమే. అనుమతి కోసం వచ్చిన చైనావారు సుమారు రెండు వందలమంది. ఒక్కరికీ ఇవ్వలేదు. తెల్లవారికి దాదాపు అందరికీ ఇచ్చారు. 1886లో సుప్రీంకోర్టు యిక్ వో కేసులో ఇది చెల్లదంది. రాజ్యాంగం ఇచ్చే సమాన రక్షణ సిటిజెన్లకే కాదు, ఇక్కడున్న ప్రతి వ్యక్తికీ వర్తిస్తుందంది.

రెండో ఉదాహరణ మనకు ఇంకా దగ్గరిది. ఏ వీధిలో ఏం కట్టవచ్చో చెప్పే జోనింగు అధికారం ఊళ్ళకు ఉందని సుప్రీంకోర్టు ఖాయం చేసింది 1926లో, ఒహాయోలోని యూక్లిడ్ అనే ఊరి కేసులో. ఆ తీర్పు విడి ఇళ్ళ పేటలో అపార్టుమెంటు భవనాన్ని పరాన్నజీవితో పోల్చింది. చుట్టుపక్కలవారు సమకూర్చుకున్న గాలీ వెలుతురూ వాడుకోవడానికి వచ్చి చేరేదన్నట్టు రాసింది. రాసినవాడు జస్టిస్ జార్జ్ సదర్లండ్. మూడేళ్ళ ముందు, 1923లో, భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు అమెరికా సిటిజెన్లు కావడానికి తగరని తీర్పు రాసిన కలమూ అదే. ఆ తలుపు మళ్ళీ తెరుచుకోవడానికి 1946 దాకా పట్టింది. రెండు తీర్పుల్లోనూ ప్రశ్న ఒకటే అని మేము అనం. ఒకటి పౌరసత్వానికి సంబంధించినది, ఒకటి కట్టడాలకు. కాని కొత్తగా వచ్చేవాడిని, అప్పటికే ఉన్నవారి సుఖానికి భంగంగా చూసే చూపు రెండింటిలోనూ ఉంది. ఆ చూపు మన మీద పడినప్పుడు అది ఏమిటో మనకు వెంటనే తెలుస్తుంది. మైకు ముందు మనమే నిలబడినప్పుడు అంత త్వరగా తెలియదు. దేశంలో జనరల్ బోగీ ఎక్కినవారికి ఇది కొత్తేమీ కాదు. ప్లాట్‌ఫారం మీద ఉన్నంతసేపూ సర్దుకోండి బాబూ అన్నవాడే, సీటు దొరికాక తరువాతి స్టేషనులో తలుపుకు కాలు అడ్డం పెడతాడు.

అలాగని ఊరివారి చేతిలోంచి అధికారం లాగేసుకుంటే న్యాయం జరుగుతుందా? శాక్రమెంటో ప్రభుత్వం కొంతవరకు ఆ పనే చేస్తోంది. ఒక కట్టడం రాతలో ఉన్న కొలతలన్నిటికీ సరిపోతే, ఆరోగ్యానికీ భద్రతకూ ప్రత్యేకమైన హాని ఉందని చూపితే తప్ప, కౌన్సిలు దాన్ని కాదనడానికి వీల్లేదని 1982 నాటి చట్టాన్ని ఈమధ్య సంవత్సరాల్లో బాగా బిగించారు. మాలో ఒకరికి ఇది సరిగ్గానే తోచింది. మరొకరు వెంటనే చీరాల-పేరాల పేరెత్తారు.

ఎత్తవలసిన పేరే. మద్రాసు ప్రభుత్వం ఆ రెండూళ్ళనూ కలిపి మునిసిపాలిటీ చేసింది, మీ మేలుకే అంది. మాకు వద్దు, ఆ పన్నులు మోయలేం అని జనం మొరపెట్టుకున్నా వినలేదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వంలో పదమూడు వేలమందికి పైగా ఇళ్ళు వదిలి, ఊరి హద్దు దాటి, రామనగర్ అని పేరు పెట్టుకుని పాకల్లో సుమారు పదకొండు నెలలు కాపురమున్నారు. పైనున్నవాడు మీ మేలు నాకు తెలుసు అన్నప్పుడు, ఊరివారు నిలబడి కాదు అనడం మన చరిత్రలో గర్వంగా చెప్పుకునే విషయం.

మరి ఫర్నిచరు దుకాణం దగ్గరి వీధివారు కూడా ఆ పనే చేశారా? మాకు రెండింటికీ చాలా దూరం కనిపించింది. చీరాలవారు తమ నెత్తిన పడిన బరువును కాదన్నారు, ఆ కాదనడానికి మూల్యం తామే, ఎండలో వానలో, చెల్లించారు. ఇక్కడ కాదన్నవారు ఆ రాత్రి ఇంటికి వెళ్ళి పడుకున్నారు. వారి మాట నెగ్గితే దాని మూల్యం తెల్లవారుజామున ఐదింటికి ఆల్టమాంట్ కనుమలో చెల్లుతుంది. స్వపరిపాలన అంటే తన బరువు తాను మోస్తూ తన విషయం తాను తేల్చుకోవడం. ఇతరులు మోసే బరువు గురించి తేల్చేటప్పుడు అది సగం స్వపరిపాలన, సగం పరిపాలన. ఈ తేడాను ఒప్పుకుంటే శాక్రమెంటో జోక్యానికి కొంత సమర్థన దొరుకుతుంది, మొత్తంగా కాదు.

పదకొండున్నరకు ఓటు వేశారు. మూడు, రెండు. జోనింగు మారింది. మారుద్దామన్నవారిలో ఒక సభ్యురాలు, ఈ గదిలో ఉన్నవారిలో చాలామంది నాకు ఓటు వేసినవారే, ఆ ఇళ్ళలోకి వచ్చేవారు ఇంకా ఈ ఊళ్ళోనే లేరు, అయినా వారిని లెక్కలోకి తీసుకోకుండా నేను ఓటు వేయలేను అంది. జనం కేకలు వేశారు. మళ్ళీ ఎన్నికల్లో చూసుకుందాం అన్నాడొకడు. ఎడ్మండ్ బర్క్ 1774లో బ్రిస్టల్ ఓటర్లతో చెప్పింది ఇటువంటి మాటే. మీ ప్రతినిధి మీకు తన శ్రమనే కాక తన వివేకాన్ని కూడా బాకీ ఉంటాడనీ, దాన్ని మీ అభిప్రాయానికి బలిపెడితే మీకు ద్రోహం చేసినట్టేననీ ఆయన వాదం. 1780 కల్లా బ్రిస్టల్ వారి ఆదరణ పోయి, ఆయన అక్కడ పోటీనుంచి తప్పుకోవలసి వచ్చింది.

ఆ సభ్యురాలి ధైర్యానికి మేము ముచ్చటపడ్డాం. కాని ఆమె చేసిన పనిలో ఒక ప్రమాదం కూడా ఉంది. రానివారి తరఫున మాట్లాడుతున్నాను అనడం ప్రపంచంలో అందరికంటె సులువైన పని, ఎందుకంటే వారు లేచి కాదు అనరు. నియంతలందరూ మూగజనం పేరుతోనే మాట్లాడారు. మద్రాసు ప్రభుత్వం కూడా చీరాల బీదల ఆరోగ్యం కోసమే అంది కాబోలు. కనుక ఎవరో ఒక పెద్దమనసు ఉన్నావిడ కౌన్సిలులో కూర్చుని రానివారిని తలుచుకుంటే సరిపోతుందని మేము అనుకోలేం. పిల్లను భుజాన వేసుకుని వెళ్ళిపోయిన ఆవిడ చెప్పదలచుకున్నది అపార్టుమెంట్లు వద్దనే కావచ్చు. పక్క వీధిలో అద్దెకుండి, అద్దె పెరుగుతుందని భయపడుతున్నదేమో. ఆమె వంతు పదిన్నరకు కాక ఎనిమిదింటికి వచ్చి ఉంటే అందరికీ తెలిసేది.

అంటే, పని ఆమె బదులు మాట్లాడటం కాదు. ఆమె మాట్లాడగలిగేట్టు చేయడం. ఇందులో తత్త్వం తక్కువ, ఏర్పాట్లు ఎక్కువ. 2020లో కోవిడ్ వచ్చి హాళ్ళు మూసినప్పుడు ఇంటినుంచి ఫోనులో మాట్లాడే పద్ధతి అన్ని ఊళ్ళకూ తెలిసింది. బిడ్డల తల్లులు, రాత్రి షిఫ్టువారు కూడా అప్పుడు పిలుపుకు అందారు. 2023లో కొందరు పేరూ ఊరూ లేకుండా ఫోనులో ద్వేషపు మాటలు కురిపించడంతో చాలా ఊళ్ళు ఆ దారి మూసుకున్నాయి. జనం ఎక్కువగా వచ్చిన అంశాన్ని ప్రశంసాపత్రాలకంటె ముందుకు జరపడానికి మాత్రం ఏ చట్టమూ అడ్డు రాదు. మేయరు అనుకుంటే చాలు.

మనకు చేతనైనది ఒకటి ఉంది. మన ఊరి పార్కుల్ని అందరికంటె ఎక్కువగా వాడేవారెవరో సాయంత్రం నాలుగింటికి వెళ్ళి చూడండి. దేశంనుంచి ఆరు నెలలకు వచ్చిన మన అమ్మానాన్నలు, మనవలను ఉయ్యాల దగ్గర నిలబెట్టి, నీడలేని బల్లమీద కూర్చుని ఉంటారు. కౌన్సిలు దృష్టిలో వారికంటె హాజరు కానివారు లేరు. వారికి ఇంగ్లీషు రాదని మనమే ముందు తీర్మానించేస్తాం. కాని 2016లో బ్రౌన్ చట్టానికి చేసిన సవరణ ప్రకారం, అనువాదకుడి సాయంతో మాట్లాడేవారికి మామూలు సమయానికి కనీసం రెండింతలు ఇవ్వాలి. మూడు నిమిషాలయితే ఆరు నిమిషాలు. ఒక పెద్దావిడ తెలుగులోనే, ఆ బల్ల మీద ఒక పందిరి వేయించండి బాబూ అని అడగవచ్చు, పక్కన నిలబడి ఒకరు ఇంగ్లీషులో చెబితే చాలు. ఆ సాయం చేస్తామని ఇంతవరకు ముగ్గురు పేరిచ్చారు. నెలలో రెండు మంగళవారాలు, రాత్రి ఏడునుంచి. వీలున్నవారు కార్యదర్శికి చెప్పండి.